అద్దాల పెట్టెలో జెల్ల

సంపూర్ణ వేళాంగణి తిరునాళ్ళకు పోతూ ఇంటి తాళంచెవి చాందీ చేతిలో పెట్టింది. భద్రాచలం దవాఖానా వెనక క్వార్టర్ల లైన్లో మనుషులకేం కరువు లేదు. ఎడమ పక్కన ఒకరున్నారు, ఎదురుగా ఇంకొకరున్నారు. వాళ్ళందరినీ దాటుకుని చివరింటి దాకా నడిచి వచ్చి మరీ చాందీకే ఇచ్చింది. ఆ సంగతి లైన్లో అందరూ చూశారు. అందరూ చూశారని చాందీ కూడా చూసుకుంది.

సంపూర్ణ ఇంట్లో కాపలా కాయాల్సినంత బంగారమేమీ లేదు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల మీద ఒక అక్వేరియం ఉంది. అందులో రెండు గోల్డ్ ఫిష్షులు, ఒక గుంపు గప్పీలు. గప్పీలంటే చిటికెన వేలి గోరంత చేపలు. ఒళ్ళు పిసరంత, తోక మాత్రం పెళ్ళికూతురి పైటంత. కొనుక్కొచ్చిన గప్పీలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడున్నవన్నీ ఆ నీళ్ళలో పుట్టినవే. దవాఖానాలో నర్సు కాబట్టి సంపూర్ణ పొద్దస్తమానం జనానికి పురుళ్ళు పోస్తూనే ఉంటుంది. ఆమెకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఇంటికొస్తే ఇక్కడా పురుళ్ళేనని గప్పీ పిల్లల్ని వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి మురిసిపోయేది.

"రోజుకొక్కసారి చిటికెడు మేత వెయ్యి చాందీ. సాయంత్రం కాసేపు లైటెయ్యి. అంతే, ఇంకేం చెయ్యొద్దు" అని బోనకల్ వైపు మాటతీరులో మెత్తగా చెప్పి, అక్క అంతోనమ్మను వెంటబెట్టుకుని రైలెక్కడానికి వెళ్ళిపోయింది.

ఇంకేం చెయ్యొద్దంటే ఊరుకునే మనిషి కాదు చాందీ. అసలు ఆమెకు ఊరుకోవడమంటేనే భయం. కల్లూరు దగ్గరి తండా నుంచి భర్త హరిలాల్ ఉద్యోగం వెంట ఈ క్వార్టర్లకు వచ్చిన కొత్తలో, నల్లా దగ్గర ఒకావిడ నవ్వుతూనే అడిగింది, "మీ తండాలల్ల రోజూ తానం జేస్తరా?" అని. ఆవిడ తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయింది గానీ ఆ మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. అప్పట్నుంచీ చాందీ పొద్దునా సాయంత్రం కూడా గడప కడిగేది. గిన్నెలు పనిమనిషి తోమినా తను మళ్ళీ ఒకసారి తోమేది. మొగుడూ పెళ్ళాలు లంబాడీలో మాట్లాడుకోవాలంటే తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. వరండాలో పిల్ల పొరపాటున "యాడీ" అని పిలిస్తే "అమ్మా అను" అని గిల్లేది. అలాంటి ఇంట్లోకి మొట్టమొదట చెప్పులు విడిచి వచ్చి, మంచినీళ్ళడిగి, గ్లాసు నోటికి కరుచుకుని తాగిన మనిషి సంపూర్ణ. ఆమె చేపల్ని చూసుకోవడమంటే చాందీకి ఇంటికి చుట్టం వచ్చినట్టే.

చుట్టాన్ని ఎలా చూసుకోవాలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె పుట్టింట్లో ఇంటికొచ్చిన మనిషి ఆకలితో కూచుని ఉండగా ఇంటివాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకోరు. అందుకని పొద్దున టిఫిను చేసే ముందు ఒకసారి, మధ్యాహ్నం అన్నం తినే ముందు ఒకసారి, చాయ్ తాగే ముందు ఒకసారి వెళ్ళి మేత వేసింది. చీకట్లో భయపడతాయేమోనని లైటు ఆర్పనే లేదు. అవి తిన్నంత తిన్నాయి, మిగిలింది అడుక్కు చేరి నానింది. కిటికీ ఎండ ఒకవైపు, ఆర్పని లైటు ఒకవైపు. తిరునాళ్ళు ఇంకా నడుస్తుండగానే అద్దం లోపల పచ్చటి పాచి మొదలైంది. ముందు మూలల్లో పట్టింది, తర్వాత చేపలే కనిపించనంతగా అల్లుకుంది.

ఆ పచ్చదనాన్ని చూస్తూ చాందీ రాబోయేదంతా ఊహించుకుంది. సంపూర్ణ వచ్చి తలుపు తీస్తుంది, ఈ మురికి చూస్తుంది. ఏమీ అనదు, మంచిది కాబట్టి. కానీ మనసులో అనుకుంటుంది. ఆ అనుకోవడాన్ని తల్చుకుంటేనే చాందీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ వారంలోనే హరిలాల్‌కి ఖమ్మంలో ఆఫీసు పని పడింది. పాచి తినే చేపలుంటాయని చాందీ ఎక్కడో విన్నది. కనుక్కుని తెమ్మని వెంటపడి పంపించింది. బస్టాండుకి దగ్గర్లో చేపలమ్మే కొట్టుంది. కొట్టాయన పాపం ఓపికమంతుడు, నిలబెట్టి అంతా చెప్పాడు.

"మీసాలున్న ప్రతి చేప పాచి తినదు సార్. నోరు కిందికుండి అద్దానికి అతుక్కునే రకం ఒకటున్నది, అది మంచిగనే తింటది. గని మూరెడు పెరుగుతది, మీ పెట్టెల పట్టదు. పొట్టిగుండే రకం ఇంకోటున్నది, గప్పీల జోలికి పోదు. గది వచ్చే వారం దిగుతది. నోరు ముందట ఉండి, పెద్దగున్న మీసాల చేపనైతే దగ్గరికి రానియ్యకుండ్రి, ఎంత చిన్న చేపుంటే అంత సుఖంగ మింగుతది. గప్పటిదాంక లైటు తగ్గియ్యిండ్రి, మేత తగ్గియ్యిండ్రి, అద్దం గుడ్డతోని తుడువుండ్రి."

హరిలాల్ దవాఖానా ఆఫీసులో గుమాస్తా. పై అధికారికి ఫైలు పంపే ముందు దాని సారాంశం రాయడం అతని పని. ఎంత బారు కాగితమైనా మూడు ముక్కల్లో తేలుస్తాడని అక్కడ పేరుంది. ఆ విద్యను ఇంట్లో కూడా వాడాడు. బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూలబడి చెప్పాడు.

"మీసాల చేపంట. పాచి తింటదంట. వచ్చే వారం వస్తదంట."

"వచ్చే వారానికి అక్క రానే వస్తది గద?"

"అయితే నేనేం జెయ్యాలె? నేను గుడ్లు పెట్టాల్నా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

మీసాల చేప అన్న మాట దగ్గర చాందీ ఆగిపోయింది. మీసాల చేపను ఆమె చిన్నప్పట్నుంచీ ఎరుగును. తండాలో కొత్త బావి తవ్వి నీళ్ళు పడ్డాయంటే, కొబ్బరికాయ కొట్టి, వాగులోంచి తెచ్చిన ఒక జెల్లను అందులో వదిలేవాళ్ళు. జెల్ల ఉన్న బావిలో నీళ్ళు మురగవు, పురుగు పట్టదు అని నమ్మకం. ఎప్పుడైనా అది చేదలో పైకొస్తే దణ్ణం పెట్టి మళ్ళీ లోపలికే వదిలేవాళ్ళు గానీ కూరకు ముట్టుకునేవాళ్ళు కాదు. వాళ్ళ బావి నీళ్ళు అద్దంలా ఉండేవి. ఇన్నేళ్ళుగా తండా సంగతి ఏదొచ్చినా దాచుకుని, దాచుకుని బతికిన చాందీకి, ఇదిగో ఇన్నాళ్ళకి తండాలో నేర్చినదొకటి క్వార్టర్లలో పనికొస్తోందని ఎంత సంతోషమేసిందో. అక్క వచ్చి నీళ్ళింత తేటగా ఎలా ఉన్నాయే అని అడిగితే, మా తండాల గిట్లనే చేస్తరక్కా అని గొంతు తగ్గించకుండా చెప్పొచ్చు.

బావిలో జెల్లకు తోడుండేది పురుగులే గానీ గప్పీలు కాదన్న చిన్న సంగతి ఆమెకు తట్టలేదు. నీళ్ళు శుభ్రంగా ఉంటాయంటే, జెల్ల అందులో కదిలేదాన్నల్లా తింటుందని అర్థం. పాచి జోలికి అది పోనే పోదు.

గోదావరి ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర, తొట్టిలో అన్నిటికంటే హుషారుగా కొట్టుకుంటున్న జెల్లను, మీసాలు పొడుగ్గా ఉన్నదాన్ని ఏరుకుని నీళ్ళ డబ్బాలో తెచ్చింది. సాయంత్రం అక్వేరియంలో వదిలితే అది నేరుగా పోయి ఒక మూల పాచిలో నక్కింది. తినడానికే కూచుందనుకుని చాందీ తృప్తిగా తాళం వేసుకుని వచ్చేసింది.

పొద్దున వెళ్ళి చూస్తే పాచి పాచిలాగే ఉంది. గప్పీలు లేవు. ముందు కనిపించడం లేదేమో అనుకుంది. అద్దానికి ముఖం ఆనించి ఒక పక్క, కొంగుతో తుడిచి ఇంకో పక్క వెతికింది. గోల్డ్ ఫిష్షులు రెండూ పైన మూలకు ఒదిగి ఉన్నాయి, తోకలు పీలికలయ్యాయి. అడుగున జెల్ల పొట్ట ఉబ్బరించుకుని కదలకుండా పడుకుని ఉంది. చాందీ అక్కడే నేల మీద చతికిలబడింది. ఏడుపు కూడా రాలేదు. ఆ పొట్ట వైపు చూడలేక తల తిప్పుకుంది. సంపూర్ణ అన్నాళ్ళు మురిసిపోయిన సంసారమంతా ఆ పొట్టలో ఉంది.

జెల్లను బకెట్లోకి పట్టి, దాని ముల్లు వేలికి దిగినా పట్టించుకోకుండా, తన పెరట్లోకి తెచ్చి పైన చాట మూసింది. అప్పుడే భీమక్క వచ్చింది. భీమక్క చాందీ ఇంట్లోనూ, సంపూర్ణ ఇంట్లోనూ, లైన్లో ఇంకో రెండిళ్ళలోనూ పనిచేసే కోయ మనిషి. ఏటపాక దారిలో అడవి అంచున గూడెం నుంచి నడిచి వస్తుంది. పెద్దది కాబట్టి చాందీని బిడ్డా అనే పిలిచేది. గిన్నెలు తోమడానికి బకెట్ కావాలని చాట ఎత్తి చూసింది. లోపల జెల్ల ఉంది. చాందీ ముఖం చూసింది. చాట మళ్ళీ మూసేసి, వేరే బకెట్ వెతుక్కుంది.

అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. పొరపాటైంది అక్కా అని భీమక్కతోనైనా ఏడ్చి ఉంటే బరువు దిగేది. హరిలాల్ లేచి, బకెట్లో చేపను చూసి కూర చెయ్యమన్నాడు. "బాయిల జెల్లను తింటరా ఎవరన్న?" అని అతని మీద విరుచుకుపడి, దాన్ని తీసుకెళ్ళి గోదావరిలో వదిలి వచ్చింది. తర్వాత సంపూర్ణ ఇంట్లో కూచుని, గుడ్డ పెట్టి అద్దం లోపలంతా చేత్తోనే రుద్దింది. పాచంతా పోయింది. గుడ్డతో పోయేదానికి ఇంత చేసుకున్నానని తనను తను తిట్టుకుంది.

సంపూర్ణ వచ్చేనాటికి చెప్పాల్సిన మాటలన్నీ చాందీ వరుసగా పెట్టుకుంది. వంట చేస్తూ అనుకుంది, గడప కడుగుతూ అనుకుంది. తీరా వాళ్ళు రిక్షా దిగి, సంచులు లోపల పెట్టి, చాందీ పిల్ల మెడలో జపమాల వేసి, నీ పేరున కొవ్వొత్తి వెలిగించానే అని సంపూర్ణ చాందీ బుగ్గ నిమిరేసరికి ఆ వరసంతా తారుమారైంది.

సంపూర్ణ అక్వేరియం ముందుకి వెళ్ళింది. వంగి చూసింది. ఇంకా వంగి చూసింది.

"నా పిల్లలేవే చాందీ?"

"అక్కా, నేను..." అన్నది చాందీ.

"ఇంట్లోకి ఎవరొచ్చారు?" అన్నది వెనక నుంచి అంతోనమ్మ.

"భీమక్క వచ్చింది, ఊడ్వనీకి."

ఆ మాట నిజమే. భీమక్క రోజు మార్చి రోజు వచ్చి ఊడ్చి పోయింది. ఒక్క అబద్ధమైనా ఆడకుండా మనిషిని ముంచెయ్యొచ్చని చాందీకి ఆ పూటే తెలిసింది.

"ఇంకేం మరి" అన్నది అంతోనమ్మ. "అడవోళ్ళు, చిన్న చేపా పెద్ద చేపా అని చూస్తారా? దోసిట్లో తోడుకుని పోయుంటది."

సంపూర్ణకు ఆ మాట నచ్చలేదు, నచ్చలేదని ముఖంలో తెలిసింది కూడా. కానీ ఖాళీ నీళ్ళ వైపు చూస్తున్నకొద్దీ నచ్చకపోవడం తగ్గింది. పక్కింట్లో గిన్నెలు తోముతున్న భీమక్కను పిలిపించారు. ఆమె చేతుల బూడిద చీరకు తుడుచుకుంటూ వచ్చి గడప అవతల నిలబడింది. ఎదురింటివాళ్ళు కూడా వచ్చారు.

"చేపల పెట్టెలో చెయ్యి పెట్టావా భీమక్కా?" అని అడిగింది సంపూర్ణ.

"పెట్టలే సిస్టరమ్మా."

"మరెక్కడికి పోయాయి? రెక్కలొచ్చి ఎగిరాయా?"

భీమక్క చాందీ వైపు చూసింది. గట్టిగా కూడా చూడలేదు, మామూలుగా చూసింది. చాందీ వంగి పిల్ల మెడలోని జపమాల చిక్కు తీయసాగింది. దానికి చిక్కేమీ పడలేదు.

"నాకెరుక లేదు" అన్నది భీమక్క.

రేపట్నించి రావద్దన్నారు. ఎదురింటివాళ్ళు కూడా మా ఇంటికీ రావద్దన్నారు, ఎందుకైనా మంచిదని. భీమక్క ఎవరినీ బతిమాలలేదు. మర్నాడు చాందీ ఇంటికి మాత్రం ఎప్పటిలాగే వచ్చి గిన్నెల ముందు కూచుంది. చాందీ ఆమె చుట్టూ తిరిగింది. వేడన్నం పెడతానంది, కొత్తగా ఉన్న తన చీర ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టింది. భీమక్క చీర తీసి పక్కన తడి లేనిచోట పెట్టి, "వద్దమ్మా" అన్నది.

అమ్మా అన్నది. ఇన్నాళ్ళూ బిడ్డా అన్న మనిషి అమ్మా అనేసరికి చాందీకి చెంప మీద కొట్టినట్టయింది. తర్వాతి రోజు నుంచి భీమక్క ఆ ఇంటికి కూడా రాలేదు.

చాందీకి అన్నం సయించడం మానేసింది. తండావాళ్ళు తానం చేస్తారా అని అడిగినావిడ మీద ఇన్నేళ్ళూ లోలోపల ఎంత కోపం పెంచుకుందో, అదంతా ఇప్పుడు తన మీదికే మళ్ళింది. ఆవిడ అడిగి ఊరుకుంది. తనైతే ఒక మనిషి తిండి తీసింది. పోయి చెప్పేద్దామని లైను పొడుగునా నడిచేది, గుమ్మం దాకా వెళ్ళి పంచదార ఉందా అక్కా అని అడిగి వచ్చేది. ఇంట్లో పంచదార డబ్బాలు నిండాయి.

చివరికి ఒక ఉదయం సంపూర్ణ డ్యూటీకి పోతూ, లైనంతా నల్లా దగ్గర ఉండగా, తాళంచెవి తెచ్చి మళ్ళీ చాందీ చేతిలో పెట్టింది. "కొత్త పనిమనిషి వస్తది, నువ్వే దగ్గరుండి ఊడ్పించు. ఇంకెవర్నీ నమ్మబుద్ధి కావట్లేదు నాకు" అన్నది.

చాందీ చెయ్యి మూతపడలేదు. తాళంచెవి కింద పడింది.

"నేనే అక్కా" అన్నది. "నేనే తిన్న... తినలే, తినిపిచ్చిన. పాచి తింటదని జెల్లని తెచ్చి ఏసిన. మా తండాల బాయిలల్ల ఏస్తరు. అది గప్పీలను మింగింది. భీమక్క ముట్టనే లేదు."

నల్లా దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తీయలేదు. చాందీ కళ్ళు మూసుకుని నిలబడింది. ఇప్పుడొస్తుంది ఆ మాట. తండా అన్న మాట, మురికి అన్న మాట, మీకేం తెలుసన్న మాట. రానీ అనుకుంది.

వచ్చింది నవ్వు. ముందు సంపూర్ణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆపుకోలేకపోయింది. "జెల్లా! అద్దాల పెట్టెలో జెల్లా! అక్కా, ఇటురా, విన్నావా దీని నిర్వాకం!" అంతోనమ్మ బయటికొచ్చి విని, గోడకు ఆనుకుని మరీ నవ్వింది. ఎదురింటివాళ్ళు నవ్వారు. "పిచ్చిదానా, దానికింత బెంగపెట్టుకున్నావా? మంచికే చేశావు కదే. చేపలేగా, మళ్ళీ తెచ్చుకుంటాం" అని సంపూర్ణ ఆమె తల నిమిరింది.

అంతే, అయిపోయింది. ఇన్నేళ్ళు తను ఎదురుచూసిన మాట ఎవరూ అనలేదు.

"మరి భీమక్క?" అన్నది చాందీ.

"ఆఁ, అదా" అన్నది సంపూర్ణ కళ్ళు తుడుచుకుంటూ. "పాపం. రేపట్నించి రమ్మని చెప్పు." అరువిచ్చిన గిన్నె అడిగి తెమ్మన్నంత తేలిగ్గా చెప్పి, టైమైందని వెళ్ళిపోయింది.

చాందీ ఆ పూటే గూడేనికి బయల్దేరింది. దారంతా వాన వెలిసిన బురద. గుండెల మీది బండ దిగినట్టే ఉంది, నడక కూడా జోరుగానే సాగింది. భీమక్క ఇంటి ముందు పందిరి కింద మోదుగాకులు విస్తళ్ళు కుడుతోంది. లేవలేదు. కూచోమని చాప వైపు చూపించింది. చాందీ కూచోలేదు.

"చెప్పిన భీమక్కా. అందరి ముంగట చెప్పిన, నేనే ఏసిన్నని."

భీమక్క ఆకు మీద ఆకు పెట్టి పుల్ల గుచ్చింది.

"ఆ రోజు నువ్వు చూసినవ్ గద" అన్నది చాందీ. "నువ్వన్న చెప్పకపోతివి?"

"నేను చెప్తే ఎవలు నమ్ముతరు? పట్టుబడి ఇంకోదాని మీదికి నెట్టిందంటరు. నీ నోట్లెకెల్లే వస్తదని చూసిన."

భీమక్క కుట్టిన విస్తరి పక్కన పెట్టి ఇంకో ఆకు తీసుకుంది.

"ఏమన్నరు మరి?"

ఆ ప్రశ్నకు చాందీ దారిలో ఏమీ అనుకుని రాలేదు. అబద్ధం చెప్పాలనిపించింది. కోపం చేసిండ్రు, తిట్టిండ్రు అని చెప్తే బాగుండునని ఎంతో అనిపించింది. కానీ ఇంక దేన్నీ దాచే ఓపిక లేదు.

"నవ్విండ్రు" అన్నది.

భీమక్క చేతిలో పుల్ల ఆగింది. మొదటిసారి తలెత్తి చాందీని నిండుగా చూసింది.

"నవ్విండ్రా?" అన్నది. "నన్నడిగినప్పుడు ఎవ్వలు నవ్వలే."

కోపంగా అనలేదు. అలాగా అని తెలుసుకున్నట్టు అన్నది. మళ్ళీ తల వంచుకుని ఆకు కుట్టసాగింది. దారంతా దిగిపోయిందనుకున్న బండ మళ్ళీ చాందీ గుండెల మీదికి వచ్చి కూచుంది. రేపట్నించి రమ్మన్నారని చెప్పడానికి ఇంత దూరం వచ్చింది. ఆ మాట ఎంతకీ నోరు దాటి బయటికి రాలేదు.